భారమితి పడిపోతోంది: కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ గురించి ఒక ప్రసంగం

బందరులో నవంబరు 1 సాయంత్రం ఒక గ్రంథాలయంలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నేను రిటైరైన భూగోళం మాస్టారిని. ముందు వరస ఖాళీగా కనిపిస్తే హాజరు పట్టీ తీయబుద్ధేస్తుంది నాకు. ఆ, అలా. రండమ్మా.

ఇవాళ నవంబరు 1. ఎవర్నడిగినా ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం అంటారు. బందరువాళ్ళకి మాత్రం ఈ తారీకుకి ఇంకో లెక్క కూడా ఉంది. 1864 నవంబరు 1. ఆ రాత్రి సముద్రం మన ఊళ్ళోకొచ్చింది. 13 అడుగుల ఎత్తు ఉప్పెన. 30 వేల మంది పోయారు. 30 వేలండీ. ఇప్పుడు ఈ హాల్లో ఎంతమందిమి ఉన్నాం? వంద మందిమి ఉంటామా? ఇలాంటి హాళ్ళు మూడొందలు.

ఆ రోజు పొద్దున్న ఈ ఊళ్ళో ఎవరికైనా తెలుసా? ఎవరైనా వచ్చి చెప్పారా? లేదు. చెప్పే ఏర్పాటు లేదు. మరి చెప్పే ఏర్పాటనేది అప్పటికి ప్రపంచంలో ఎక్కడా లేదా అంటే, ఉంది. ఇంగ్లండులో ఉంది. లండన్లో ఒక చిన్న ఆఫీసులో ఒక నౌకాదళ అధికారి కూర్చుని, తీరం పొడుగునా ఉన్న రేవులకి టెలిగ్రాములు కొడుతున్నాడు, గాలివాన రాబోతోంది, పడవలు ఆపండి అని. మన ఉప్పెన నాటికి ఆ పని మొదలై మూడేళ్ళు దాటింది. ఆ మూడేళ్ళూ ఆయన్ని చూసి జనం నవ్వుతూనే ఉన్నారు. మన ఉప్పెన వచ్చిన ఆరు నెలలకి ఆయన చనిపోయాడు. ఎలా చనిపోయాడో చివర్లో చెబుతాను.

ఆయన పేరు రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. ఈ పేరు విన్నవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. ఇద్దరు. సరే, డార్విన్ పేరు విన్నవాళ్ళు? అందరూ. నేను చెప్పేదీ అదే. డార్విన్ ఎక్కిన ఓడ పేరు బీగిల్ అని ఏడో తరగతి పిల్లాడు కూడా చెబుతాడు. ఆ ఓడ నడిపినవాడెవడు అంటే తల గోక్కుంటాం.

పుట్టుక గురించి తొందరగా చెప్పేస్తాను. 1805 జులై 5న ఇంగ్లండులో, సఫోక్ అనే జిల్లాలో పుట్టాడు. పెద్దింటి బిడ్డ. తాత గారు డ్యూక్, ఆ దేశానికి ప్రధానమంత్రిగా కూడా చేశాడు. ఇంకా వెనక్కి పోతే రెండో చార్లెస్ రాజుగారు తేలతాడు. రాణిగారి వైపు కాదు లెండి, అటు పక్కనుంచి. ఫిట్జ్‌రాయ్ అంటే అర్థమే రాజుగారి కొడుకు అని. పేరులోనే బయటపడిపోయింది సంగతి. ఇహ తల్లి వైపు మేనమామ కాసల్‌రే. ఇంగ్లండుకి విదేశాంగ మంత్రి, నెపోలియన్ ఓడాక ఐరోపాని పంచినవాళ్ళలో ఒకడు. అంతటివాడు 1822లో మతి చెదిరి ఆత్మహత్య చేసుకున్నాడు. మేనల్లుడికి అప్పుడు 17 ఏళ్ళు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

పన్నెండేళ్ళకే పోర్ట్స్‌మత్‌లో నౌకాదళ కళాశాలలో చేరాడు. 1824లో లెఫ్టినెంటు పరీక్ష రాస్తే నూటికి నూరు వచ్చాయి. అంతకుముందు ఎవరికీ అలా రాలేదు. తెలివిలో లోటు లేదు, కులంలో లోటు లేదు, చేతిలో డబ్బుంది. ఇంకేం కావాలి? అదృష్టం కూడా ఒక రకంగా కలిసొచ్చింది. ఒక రకంగా అని ఎందుకన్నానంటే, ఆ అదృష్టం ఇంకొకడి చావు రూపంలో వచ్చింది.

దక్షిణ అమెరికా అడుగున ఒక కొస ఉంటుంది. మ్యాపులో చూస్తే మామిడి టెంకలా సన్నగా దిగిపోతుంది. అక్కడి తీరాన్ని కొలిచి పటం గీయడానికి బ్రిటిషువాళ్ళు రెండు ఓడలు పంపారు. అందులో ఒకటి బీగిల్. దాని కెప్టెన్ ప్రింగిల్ స్టోక్స్. ఎప్పుడూ వాన, ఎప్పుడూ చలి, మనిషి జాడ లేదు, చుట్టూ నల్లటి కొండలు. పైగా ఆ రోజుల్లో ఓడ కెప్టెన్ ఎవరితోనూ చనువుగా ఉండకూడదు. ఒక్కడే తినాలి, ఒక్కడే పడుకోవాలి, దిగులొస్తే చెప్పుకోవడానికి మనిషి లేడు. 1828 ఆగస్టులో స్టోక్స్ తనను తాను కాల్చుకున్నాడు. వెంటనే పోలేదు, కొన్ని రోజులు తీసుకుని పోయాడు. అది జరిగిన జలసంధి రేవు పేరేమిటో తెలుసా? పోర్ట్ ఫ్యామిన్. కరువు రేవు.

ఆ ఖాళీ కుర్చీలో మన ఫిట్జ్‌రాయ్‌ని కూర్చోబెట్టారు. వయసు 23. మన ఇళ్ళల్లో 23 ఏళ్ళవాడికి బైకు తాళాలివ్వాలన్నా ఆలోచిస్తాం.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను, జాగ్రత్తగా వినండి. ఆయన పగ్గాలు పట్టి రెండు నెలలైనా కాలేదు. 1829 జనవరి చివర్లో ఉరుగ్వే తీరంలో మాల్డొనాడో అనే చోటు దగ్గర ఉన్నారు. ఓడలో భారమితి ఉంది. భారమితి అంటే ఏమీ లేదు, మన నెత్తిమీద గాలి ఎంత బరువుందో చూపించే గాజు గొట్టం, అందులో పాదరసం. గాలివాన దగ్గరికొస్తుంటే ఆ బరువు తగ్గుతుంది, పాదరసం కిందికి దిగుతుంది. ఆ రోజు పాదరసం దిగుతూ ఉంది. ఆకాశంలో మెరుపులు. కొత్త కెప్టెన్ చూశాడు. చూసి కూడా తెరచాపలు వెంటనే దించమనలేదు. దించితే ఏమవుతుంది? గాలి రాకపోతే కుర్ర కెప్టెన్ బెదిరిపోయాడని నవ్వుతారు కదా?

గాలి వచ్చింది. ఆ దేశంలో పాంపెరో అంటారు, మైదానాల మీంచి ఒక్కసారిగా విరుచుకుపడే గాలి. ఓడ పక్కకి ఒరిగిపోయింది, కొయ్యల పైభాగాలు విరిగాయి, ఇద్దరు మనుషులు సముద్రంలో పోయారు. ఇద్దరే కదా అనకండి. ఆ ఇద్దరూ తన లెక్కలోనే పడతారని ఆయనకి తెలుసు. ఆ సంగతి ఆయన దాచుకోలేదు, తర్వాత పుస్తకంలో రాసుకున్నాడు కూడా. జీవితమంతా ఆ ఒక్క రోజు మీదే నడిచిందని నేననను, అంత తేలిగ్గా మనుషులు అర్థం కారు. కానీ ఆ తర్వాత ఆయన భారమితిని మాత్రం ఎప్పుడూ అనుమానించలేదు.

రెండో సంగతి, ఇది ఆయనకి మచ్చే. అక్కడి తియెర్రా డెల్ ఫ్యూగో దీవుల్లో ఉండే జనం బీగిల్‌కి చెందిన ఒక చిన్న పడవని ఎత్తుకుపోయారు. పడవ తిరిగిస్తారని ఈయన కొందరిని పట్టుకుని ఓడలో ఉంచాడు. పడవ రాలేదు, మనుషులు మిగిలారు. చివరికి నలుగుర్ని ఇంగ్లండు తీసుకెళ్ళాడు. అందులో ఒక కుర్రాడికి 14 ఏళ్ళు ఉంటాయి, ఒరుండెల్లికో అని పేరు. వాణ్ణి ఒక ముత్యపు చిప్ప గుండీ ఇచ్చి తీసుకున్నారు. చొక్కా గుండీ! అందుకని వాడికి జెమ్మీ బటన్ అని పేరు పెట్టారు. ఇంకో పిల్ల ఉంది, తొమ్మిదేళ్ళది. ఇంగ్లీషు నేర్పిస్తాను, క్రైస్తవం నేర్పిస్తాను, మళ్ళీ వాళ్ళ ఊళ్ళో దింపుతాను, వాళ్ళు మిగతావాళ్ళకి నేర్పుతారు, ఇదీ ఈయన లెక్క. మంచి చేస్తున్నానని నిజంగానే నమ్మాడు. మంచి చేస్తున్నామని నమ్మేవాళ్ళతోనే భయమండీ ఒక్కోసారి. నలుగురిలో ఒకడు ఇంగ్లండులో దిగీదిగగానే మశూచితో పోయాడు. మిగతా ముగ్గురికీ కోట్లూ గౌన్లూ తొడిగి రాజుకీ రాణికీ చూపించారు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. తీసుకెళ్ళినవాడు తిరిగి దింపాలన్న మాట మరిచిపోలేదు. ప్రభుత్వం ఓడ ఇవ్వనంటే సొంత డబ్బుతో ఓడ మాట్లాడుకున్నాడు. చివరికి చుట్టాలు చెప్పగా చెప్పగా బీగిల్‌నే మళ్ళీ ఇచ్చారు. అంటే ఏమిటన్నమాట? ఆ ముగ్గుర్నీ దింపాలనే పట్టుదల లేకపోతే ఆ రెండో ప్రయాణం అలా, అప్పుడు మొదలయ్యేది కాదు. డార్విన్ అందులో ఎక్కేవాడూ కాదు. ఒక పడవ దొంగతనం ఎంతదూరం పోయిందో చూడండి.

డార్విన్ దగ్గరికొద్దాం. ఓడలో శాస్త్రవేత్త కావాలని కాదు ఆయన్ని పిలిచింది. అంటే అదీ ఉంది, కానీ ముఖ్యంగా కెప్టెన్‌కి పక్కన కూర్చుని అన్నం తినే మనిషి కావాలి. ముందున్న కెప్టెన్ ఒంటరితనంతో ఏమయ్యాడో చూశాడు. మేనమామ ఏమయ్యాడో తెలుసు. తన రక్తంలో కూడా ఆ దిగులుందేమోనని భయం. తోడు కోసం వెతికాడు. 26 ఏళ్ళ కెప్టెన్‌కి 22 ఏళ్ళ కుర్రాడు దొరికాడు. తీరా చూస్తే డార్విన్ ముక్కు ఈయనకి నచ్చలేదట! ముక్కు తీరు చూసి గుణం చెప్పే పిచ్చి ఆ రోజుల్లో బాగా ఉండేది. ఇలాంటి ముక్కున్నవాడికి దమ్ముండదు, అంత పొడుగు ప్రయాణం తట్టుకోలేడు అనుకున్నాడు. మనవాళ్ళు మాత్రం తక్కువా? పెళ్ళిచూపుల్లో చెవులు చూసి లెక్కలేసినవాళ్ళు మన ఇళ్ళల్లో లేరూ?

1831 డిసెంబరు 27న బయల్దేరారు. ఓడలో 22 క్రోనోమీటర్లు. అంటే కచ్చితంగా నడిచే గడియారాలు. ఎందుకన్ని? సముద్రంలో తూర్పు పడమరల్లో ఎక్కడున్నామో తెలియాలంటే బయల్దేరిన చోట ఇప్పుడు టైమెంతో తెలియాలి. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది. నాలుగు నిమిషాలు తేడా వస్తే ఒక డిగ్రీ తప్పిపోతాం. భూగోళం చెప్పేస్తున్నానా? అలవాటు. బీగిల్ గీసిన పటాలు ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు ఓడలవాళ్ళు వాడుకున్నారు. డార్విన్ పేరు ముందు అది మరుగున పడిపోయింది కానీ, ఆ ప్రయాణం అసలు పని అదే.

మనిషి కోపిష్టి. పొద్దున్నే డెక్కు మీదికొస్తే ఏదో ఒక తాడు సరిగ్గా లేదని ఎవరో ఒకరికి పడేది. కింది ఆఫీసర్లు ఆయనకి వేడి కాఫీ అని పేరు పెట్టారు. డ్యూటీ మారేటప్పుడు ఒకర్నొకరు అడిగేవాళ్ళట, ఇవాళ కాఫీ ఎంత పోశారు అని. హెడ్‌మాస్టర్లకి మనం పెట్టే పేర్లు గుర్తొస్తున్నాయా?

డార్విన్‌తో ఒకసారి పెద్ద గొడవైంది. బ్రెజిల్లో. అక్కడ బానిసలుండేవాళ్ళు. ఫిట్జ్‌రాయ్ అన్నాడు, నేనొక ఆసామి ఇంటికెళ్ళాను, ఆయన తన బానిసల్ని పిలిచి మీకు స్వేచ్ఛ కావాలా అనడిగితే వద్దన్నారు అని. డార్విన్ అడిగాడు, యజమాని ఎదురుగా నిలబడి చెప్పిన జవాబుకి విలువేముంది అని. అంతే. నా మాట నమ్మనివాడివి నాతో కలిసి ఉండలేవు పొమ్మన్నాడు. మిగతా ఆఫీసర్లు డార్విన్‌ని మా దగ్గర భోంచేద్దువుగాని రమ్మని పిలిచారు కూడా. కొద్ది గంటలకే కెప్టెన్ దగ్గర్నుంచి మనిషొచ్చాడు, క్షమించు, మునుపటిలాగే కలిసుందాం అని. కోపమెంతో, చల్లబడటమూ అంతే. ఇక్కడ తప్పు ఫిట్జ్‌రాయ్‌దే, అందులో నాకేం అనుమానం లేదు.

తీసుకెళ్ళిన ముగ్గుర్నీ 1833 జనవరిలో వాళ్ళ చోట దింపారు. తోడుగా ఒక మిషనరీని కూడా ఉంచారు. కొన్ని రోజులకి వెళ్ళి చూస్తే మిషనరీ సామానంతా దోచుకున్నారు, ఆయన ప్రాణం అరచేతిలో పెట్టుకుని పడవెక్కేశాడు. మరుసటేడు మళ్ళీ వెళ్ళారు. ఒక దోనె వచ్చింది. అందులో బక్కచిక్కిన మనిషి, ఒంటిమీద బట్టలేదు, జుట్టు చెదిరిపోయి ఉంది. ఎవరు? జెమ్మీ. మెరుగుపెట్టిన బూట్ల మీద చిన్న మురికి పడితే ఊరుకోని జెమ్మీ. ఫిట్జ్‌రాయ్‌కి కళ్ళు చెమర్చాయి. ఓడలోకి పిలిచి భోజనం పెట్టారు. కత్తీ ఫోర్కూ పద్ధతిగా పట్టుకునే తిన్నాడట. ఇంగ్లండు వస్తావా అంటే రానన్నాడు. వాడికి పెళ్ళయింది, పెళ్ళాం ఒడ్డున ఏడుస్తోంది మొగుణ్ణి మళ్ళీ ఎత్తుకుపోతారేమోనని. స్నేహితుల కోసం నీటికుక్క తోళ్ళు తెచ్చాడు. ఇంగ్లండులో చదువు చెప్పిన మాస్టారికి విల్లు, అంబులపొది పంపాడు. చూశారా, మాస్టార్ని మర్చిపోలేదు. ఓడ కదులుతుంటే ఒడ్డున మంట వేశాడు, వెళ్ళిరండి అన్నట్టు. ఆ పొగ చాలాసేపు కనిపించిందట.

అదే ఏడు ఇంకోటి జరిగింది. పని పెద్దది, ఓడ ఒక్కటే చాలదని ఈయన అంతకుముందే 1,300 పౌన్లు సొంత డబ్బు పోసి ఇంకో ఓడ కొని ఉన్నాడు. పైవాళ్ళు ఆ డబ్బు మేం ఇవ్వం అన్నారు, ఓడ అమ్మేయమన్నారు. అమ్మేశాడు. చిలీ దేశంలో వాల్పరైసో రేవులో గది తలుపేసుకున్నాడు. తిండి లేదు, మాట లేదు. నాకు మతి పోతోంది, మా మేనమామకి వచ్చిందే నాకూ వస్తోంది అని కెప్టెన్ పదవికి రాజీనామా రాసేశాడు. కింది ఆఫీసరు విక్హమ్ నచ్చజెప్పి వెనక్కి తీసుకునేలా చేశాడు. ఆ విక్హమ్‌కే పదవి వచ్చేది, అయినా వద్దన్నాడు. అలాంటివాళ్ళు ఒకరిద్దరుంటే చాలు.

గాలపాగోస్ సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. అక్కడ పిచ్చుకల్లాంటి పిట్టల్ని డార్విన్ పట్టి సంచిలో వేశాడు, ఏది ఏ దీవిదో సరిగ్గా రాసుకోలేదు. ఫిట్జ్‌రాయ్ పట్టించిన పిట్టలకి మాత్రం దీవి పేరుతో చీటీలున్నాయి. తర్వాత ఏ పిట్ట ఎక్కడిదో తేల్చుకోవడానికి డార్విన్ ఆ చీటీలు చూడాల్సి వచ్చింది. ఫిట్జ్‌రాయ్ దేవుడి సృష్టిని అక్షరం పొల్లుపోకుండా నమ్మినవాడు. ఆయన కట్టిన చీటీలే ఆయన నమ్మకాన్ని కూలదోసే పుస్తకానికి పనికొచ్చాయి. 1860లో ఆక్స్‌ఫర్డ్‌లో డార్విన్ పుస్తకం మీద పెద్ద రభస జరిగినప్పుడు ఈయన ఆ సభలోనే ఉన్నాడు. బైబిలు పైకెత్తి పట్టుకుని, మనిషి మాట కాదు దేవుడి మాట నమ్మండి అని బతిమాలాడు. అసలు ఆ ఊరికి ఎందుకొచ్చాడు? గాలివానల మీద పేపరు చదవడానికి!

మధ్యలో న్యూజీలాండుకి గవర్నరుగా వెళ్ళాడు, 1843లో. అదొక పీడకల. ఈయన చేరేసరికే వైరౌ అనే చోట, అక్కడి మూలవాసులైన మావోరీలతో భూమి తగాదాలో 22 మంది తెల్లవాళ్ళు చనిపోయి ఉన్నారు. విచారించి, తప్పు మనవాళ్ళదే, మావోరీల భూమి మీదికి మనమే వెళ్ళాం అని తేల్చాడు. తెల్లవాళ్ళు మండిపడ్డారు. ఖజానాలో డబ్బు లేదు. ఇంకోపక్క మావోరీ నాయకుడు హోనె హెకె బ్రిటిషు జెండా కొయ్యని నరికేస్తే, వీళ్ళు పాతడం, అతను మళ్ళీ నరకడం. 1845లో వెనక్కి పిలిచేశారు. వైరౌ మీద ఆయనిచ్చిన తీర్పు సరైనదే. అయినా పదవి పోయింది.

తర్వాత భార్య పోయింది, పెద్ద కూతురు పోయింది. ఓడలో పని కూడా ఆరోగ్యం బాగోక వదులుకున్నాడు.

ఇప్పుడు మనకి కావలసిన కథ. ఫ్యాను కొంచెం తగ్గించు బాబూ, కాయితాలు ఎగిరిపోతున్నాయి. గాలి గురించి చెబుతుంటే గాలి ఊరుకోదు.

1854లో బ్రిటిషు ప్రభుత్వం వాతావరణానికి ఒక చిన్న విభాగం పెట్టింది. దానికి ఫిట్జ్‌రాయ్‌ని అధికారిని చేసి, ముగ్గురు మనుషుల్ని ఇచ్చారు. పనేమిటి? ఓడలవాళ్ళు రాసుకొచ్చిన గాలీ వానా లెక్కలు పోగుచేసి పెట్టడం. అంతే. గుమాస్తా పని. రేపేమవుతుందో చెప్పమని ఎవరూ అడగలేదు. అదే ఏడాది పార్లమెంటులో ఒక సభ్యుడు లేచి, ఇలా లెక్కలు పోగుచేస్తే లండన్ వాతావరణం ఒక రోజు ముందే తెలియొచ్చు అన్నాడు. సభంతా నవ్వారు. ఆ నవ్వు సభ రికార్డులో కూడా ఎక్కింది.

ఈయన లెక్కలు పోగుచేస్తూనే ఇంకో పని మొదలెట్టాడు. భారమితి కొనుక్కోలేని బెస్తపల్లెలకి భారమితులు పంపించాడు. రేవులో గోడకి తగిలిస్తారు, వేటకెళ్ళేవాడు చూసుకుని వెళతాడు. చదువు పెద్దగా రానివాళ్ళకి గుర్తుండేలా చిన్న చిన్న ప్రాసల మాటలు వాడాడు. ఒకదాని సారం ఇది: ముందుగా కబురొస్తే ఎక్కువ రోజులుంటుంది, అప్పటికప్పుడొస్తే తొందరగా పోతుంది. మన గిలకలదిండి చేపలవేట వాళ్ళు వెనక కూర్చున్నారు, నవ్వుతున్నారు. అంటే నిజమేనన్నమాట.

1859 అక్టోబరు 25 రాత్రి. రాయల్ చార్టర్ అనే ఓడ ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నుంచి లివర్‌పూల్ వస్తోంది. బంగారం తవ్వి సంపాదించుకున్నవాళ్ళు, పెళ్ళాం పిల్లలతో ఇళ్ళకొస్తున్నారు. భూగోళం సగం చుట్టొచ్చారు, ఇల్లు ఇంకొక్క రోజు దూరం. వేల్స్ తీరంలో ఆంగిల్‌సీ దగ్గర గాలివాన పట్టుకుంది. ఓడని తీసుకెళ్ళి రాళ్ళకేసి కొట్టింది. ఒడ్డు కనిపిస్తూనే ఉంది. 450 మంది దాకా పోయారు. బతికినవాళ్ళు 40 మంది. ఒక్క ఆడమనిషి లేదు అందులో, ఒక్క పిల్లవాడు లేడు. నడుముకి బంగారం కట్టుకుని దూకినవాళ్ళు ఆ బరువుతోనే మునిగిపోయారని చెప్పుకుంటారు. ఆ ఒక్క గాలివానలో ఆ తీరాల్లో వందకి పైగా ఓడలు పోయాయి.

ఫిట్జ్‌రాయ్ ఏం చేశాడంటే, ఆ రాత్రి ఎక్కడెక్కడ భారమితి ఎంతుందో, గాలి ఎటుందో లెక్కలన్నీ తెప్పించి పటం మీద పెట్టాడు. ఏం తేలింది? గాలివాన ఉన్నట్టుండి ఊడిపడలేదు. అది నడుచుకుంటూ వచ్చింది. దక్షిణాన మొదలై ఉత్తరానికి. మరి గాలివాన నడిచొస్తుంటే, దానికన్నా జోరుగా పోయేదేది? టెలిగ్రాఫు తీగ. ఒక చోట గాలి మొదలైందని తెలిస్తే, అది రెండో చోటికి చేరేలోపు కబురు చేరుతుంది. అంతేనండీ ఇందులో కిటుకు. ఇవాళ శాటిలైట్లున్నాయి, రాడార్లున్నాయి, కానీ మూలం ఇదే: తుపాను కన్నా ముందు కబురు చేరాలి.

1861 ఫిబ్రవరిలో మొదలెట్టాడు. పదిహేను చోట్ల నుంచి రోజూ పొద్దున్న టెలిగ్రాములొస్తాయి. ఈయన చూసి, ప్రమాదం అనిపిస్తే రేవులకి కబురు కొడతాడు. అక్కడ జెండా కొయ్యకి గుర్తులు ఎగరేస్తారు. గరాటా లాంటి ఒక శంకువు, డోలు లాంటి ఒక పీపా, కట్టెలకి గుడ్డ చుట్టి చేసినవి. శంకువు మొన పైకుంటే ఉత్తరపు గాలి, కిందికుంటే దక్షిణపు గాలి. పీపా కూడా ఎగిరితే ఒకదాని తర్వాత ఒకటి వస్తాయని. రాత్రయితే లాంతర్లు. ఆయనొక్కడే అని కాదు, హాలండులో అంతకుముందు ఏడాదే ఇలాంటిది పెట్టారు.

ఈ బొమ్మ ఎక్కడో చూసినట్టు లేదూ? మన రేవుల్లో ఒకటో నంబరు ఎగరేశారు, మూడో నంబరు ఎగరేశారు అంటాం. ఎగరేసేది ఏమిటి? అవే. పగలు శంకువులు, పీపాలు, రాత్రి దీపాలు. 11 నంబర్లున్నాయి మనకి. నా చిన్నప్పుడు ముసురు పట్టిందంటే సైకిలేసుకుని జెండా కొయ్య చూడ్డానికి పోయేవాళ్ళం. 1977 దివిసీమ ఉప్పెనప్పుడు నాకు పదేళ్ళు. ఆ సంగతి ఇప్పుడు ఎత్తను, ఎత్తితే ఇవాళ ఇంకేం చెప్పలేను.

1861లోనే ఆగస్టు 1న టైమ్స్ పత్రికలో మొదటి వాతావరణ సూచన పడింది. రెండు రోజులకి. ఉత్తరాన ఓ మాదిరి పడమటి గాలి, తెరిపి. పశ్చిమాన ఓ మాదిరి నైరుతి గాలి, తెరిపి. దక్షిణాన కాస్త జోరుగా పడమటి గాలి, తెరిపి. ఇంతే. ఇంతకోసమా అనిపిస్తుంది. కానీ రేపటి వాతావరణాన్ని లెక్కగట్టి అలా రోజూ పేపర్లో వేయడం అప్పటిదాకా లేదు.

ఆయన దీన్ని జోస్యం అనొద్దన్నాడు. మనకి ఉగాదికి పంచాంగంలో మేఘాధిపతి ఎవరో చెబుతారే, వాళ్ళకీ అలాంటి పంచాంగాలు, వాటి మీద వ్యాపారాలు ఉండేవి. తనని ఆ గాటన కట్టేస్తారని భయం. అందుకని ఫోర్‌కాస్ట్ అనే మాట పట్టుకున్నాడు. శాస్త్రప్రకారం లెక్కగట్టి చెప్పే అభిప్రాయం ఇది, జోస్యం కాదు అని రాశాడు. ఇవాళ టీవీలో వినే ఆ మాటని వాతావరణానికి అంటించింది ఈయనే.

మరి తప్పలేదా? తప్పింది. చాలాసార్లు తప్పింది. అట్లాంటిక్ మీద నుంచి వచ్చే గాలివాన గురించి చెప్పడానికి సముద్రం మధ్యలో టెలిగ్రాఫు లేదు కదా. తెరిపి అన్న రోజు కుండపోత. జనం ఎగతాళి చేశారు. సూచనలు అచ్చేసిన పేపరే వెక్కిరించింది. అదే జనం పిక్నిక్‌కి వెళ్ళేముందు చూసేది ఆ పేపరే! స్వయంగా విక్టోరియా రాణి కూడా సముద్రం దాటి వైట్ దీవికి పోయేముందు ఈయన్ని కనుక్కోమని మనిషిని పంపేది. శాస్త్రవేత్తలు, సిద్ధాంతం లేకుండా చెబుతున్నాడన్నారు. అందులో కొంత నిజముంది. కొందరు పడవల యజమానులకి ఇంకో బాధ. శంకువు ఎగిరితే కూలివాళ్ళు వేటకెళ్ళరు, ఆ రోజు చేప రాదు, డబ్బు పోతుంది. గాలి రాకపోతే తిట్లు ఎవరికి? సముద్రంలోకెళ్ళినవాడు మునిగితే మాత్రం యజమాని మునగడు కదా.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. హెచ్చరిక చేశాక తుపాను రాకపోతే తిడతాం. హెచ్చరిక లేకుండా వస్తే ఏడుస్తాం. రెండింట్లో ఏది ఖరీదైన తప్పో 23 ఏళ్ళప్పుడే ఆ మనిషి చూశాడు. నవ్వుతారేమోనని ఆగినందుకు ఇద్దరు పోయారు. ఈసారి నవ్వినా సరే ఎగరేశాడు.

కానీ ఒంట్లో శక్తి అయిపోయింది. వైస్ అడ్మిరల్ అయ్యాడు, పేరుకి. ఆఫీసులో ఆశపడ్డ పై పదవి బీగిల్లో తన కింద పనిచేసిన సలివన్‌కి ఇచ్చారు. చెవుడు వచ్చింది. ఆస్తంతా ఓడలకీ పనులకీ ఖర్చయిపోయింది. మేనమామ నీడ ఎప్పుడూ వెనకే ఉంది. 1865 ఏప్రిల్ 30, ఆదివారం పొద్దున్న, అప్పర్ నార్వుడ్‌లోని ఇంట్లో లేచి, కూతుర్ని ముద్దుపెట్టుకుని, పక్క గదిలోకెళ్ళి తలుపేసుకుని ప్రాణం తీసుకున్నాడు. 59 ఏళ్ళు. చూస్తే చేతిలో ఏం మిగల్లేదు, అప్పులు మిగిలాయి. కుటుంబం కోసం స్నేహితులు నిధి పోగుచేశారు. ఆ సలివనే ముందు నిలబడ్డాడు. డార్విన్ 100 పౌన్లు ఇచ్చాడు. ఆయన ఖర్చు పెట్టిన దాంట్లో 3,000 పౌన్లు ప్రభుత్వం తిరిగిచ్చింది.

తర్వాత ఒక కమిటీ వేశారు. కమిటీ అంటే మీకు తెలుసుగా. ఈ సూచనలకి శాస్త్రాధారం లేదని తేల్చి పేపర్లో వేయడం ఆపేశారు. 1866 చివర్లో గాలివాన హెచ్చరికలూ ఆపేశారు. శంకువులు దించేశారు. అప్పుడు ఎవరు గోల పెట్టారో తెలుసా? పండితులు కాదు. రేవుల్లో వేటగాళ్ళు, ఓడలవాళ్ళు. మా శంకువులు మాకు కావాలన్నారు. తప్పితే తప్పనీ, మాకు కావాలన్నారు. మరుసటేడే 1867లో మళ్ళీ ఎగరేయాల్సి వచ్చింది. పేపర్లో సూచనలకి మాత్రం 1879 దాకా పట్టింది.

మన సంగతికొస్తే, 1864లో అక్టోబరు 5న కలకత్తాని ఒక తుపాను తుడిచిపెట్టింది, నవంబరు 1న బందరుని. టెలిగ్రాఫు తీగలు మన దేశంలో అప్పటికే ఉన్నాయండీ. దొరల కబుర్లు మోయడానికి ఉన్నాయి. ఈ రెండు దెబ్బలూ తగిలాక 1865లో కలకత్తా రేవుకి హెచ్చరికల ఏర్పాటు వచ్చింది. 1875లో భారత వాతావరణ శాఖ పెట్టారు. మిగతా రేవులకి ఒక్కొక్కటిగా తర్వాత వచ్చాయి.

రేడియోలో బ్రిటన్ ఓడలవాళ్ళకి రోజూ సముద్ర వాతావరణం చదువుతారు, ఒక్కో సముద్ర భాగానికి ఒక్కో పేరుంటుంది. 2002లో అందులో ఫినిస్టెర్ అనే భాగం పేరు మార్చి ఫిట్జ్‌రాయ్ అని పెట్టారు. ఆ జాబితాలో మనిషి పేరున్న భాగం అదొక్కటే.

గిలకలదిండి వాళ్ళకి బస్సు టైమైనట్టుంది, లేస్తున్నారు. వెళ్ళేముందు ఒక్క మాట, ఇందాక చెప్పానే భారమితి, అలాంటిదొకటి ఈ బల్ల మీదే ఉంది, మా అబ్బాయి తెచ్చిపెట్టింది, కావాలంటే చూసి వెళ్ళండి. పిల్లలూ, చేత్తో తట్టొద్దు. ప్రశ్నలుంటే మైకు అక్కడికి పంపిస్తారు.